సంస్థాగత డేటాబేస్‌ల సమకాలీకరణ

ఒకే సమాచారం ఒకటికి మించిన డేటాబేస్‌లలో ఉన్నప్పుడు, ఒకచోట జరిగిన మార్పు మిగతా చోట్లకూ చేరి అన్నిటిలో ఒకే లెక్క కనిపించేలా చూసే ప్రక్రియను డేటా సమకాలీకరణ అంటారు. వాడుకలో దీని పేరు ‘సింక్’. బ్యాంకు ఖాతాదారు ఫోన్ నంబరు కోర్ బ్యాంకింగ్ డేటాబేస్‌లో ఉంటుంది. కార్డుల విభాగంలో, రుణాల విభాగంలో, మొబైల్ యాప్ వెనకున్న సర్వర్‌లో, ఎస్సెమ్మెస్‌లు పంపే వ్యవస్థలో కూడా ఉంటుంది. బ్రాంచిలో గుమస్తా ఆ నంబరు మార్చిన క్షణాన మిగతా నాలుగు చోట్లా పాతదే ఉంటుంది. ఆ తేడా ఎంతసేపు ఉండవచ్చు, తక్కువ ఖర్చుతో దాన్ని ఎలా పూడ్చాలి, పూడిందని ఎలా తేల్చుకోవాలి అన్నవి ఈ అంశంలోని మూడు ప్రధాన ప్రశ్నలు. వీటన్నిటికంటే ముందు తేల్చవలసింది ఇంకొకటి ఉంది: ఆ ఫోన్ నంబరుకు అసలు యజమాని ఏ డేటాబేస్? దీనికి జవాబు లేకుండా కట్టిన సింక్ ఎంత వేగంగా నడిచినా తప్పునే వేగంగా పంచుతుంది.

పరిధి, పదజాలం

సమకాలీకరణ, రెప్లికేషన్, బ్యాకప్, మైగ్రేషన్ అన్న మాటలను ఒకదాని బదులు ఒకటి వాడటం కనిపిస్తుంది. ఇవి వేరు వేరు. ఒక డేటాబేస్‌కు అదే నిర్మాణంతో మరో ప్రతిని నిరంతరం నిలుపుతూ ఉండటం రెప్లికేషన్. గడిచిపోయిన ఒక క్షణం నాటి ప్రతిని మార్చకుండా దాచిపెట్టడం బ్యాకప్. పాత వ్యవస్థ నుంచి కొత్తదానికి ఒక్కసారి తరలించడం మైగ్రేషన్. సమకాలీకరణ వీటికంటే విశాలమైన మాట. ఒరాకిల్‌లో ఉన్న పట్టికకూ పోస్ట్‌గ్రెస్‌లో వేరే ఆకారంలో ఉన్న పట్టికకూ పొందిక కుదర్చడం కూడా దీని కిందికే వస్తుంది.

రెప్లికేషన్ ఉంది కాబట్టి బ్యాకప్ అక్కర్లేదనుకోవడం పొరపాటు. ఎవరైనా చూసుకోకుండా ఒక పట్టికను చెరిపేస్తే, రెప్లికేషన్ ఆ చెరిపివేతను కూడా క్షణాల్లో రెండో చోటికి మోసుకెళ్తుంది.

డేటాబేస్ ప్రతి మార్పునూ ముందుగా ఒక లాగ్‌లో వరుసగా రాసుకుని, ఆ తర్వాతే పట్టికలను సవరిస్తుంది. పాత తెలుగు వ్యాపారుల లెక్కల్లో చిట్టా, ఆవర్జా ఉన్నట్టే ఇక్కడా రెండు పుస్తకాలున్నాయి. జరిగింది జరిగినట్టు వరుసగా రాసేది చిట్టా, అంటే లాగ్. పేరుపేరునా నిలువ చూపేది ఆవర్జా, అంటే పట్టిక. ఆవర్జా పోయినా చిట్టా ఉంటే దాన్ని మళ్లీ రాసుకోవచ్చు. నేటి సమకాలీకరణ పద్ధతుల్లో మేలైనవి ఈ సూత్రం మీదే నిలిచాయి (చూ. మార్పుల గుర్తింపు). సమకాలీకరణకు చదివే చిట్టా మైఎస్‌క్యూఎల్‌లో బైనరీ లాగ్, ఒరాకిల్‌లో రీడో లాగ్, పోస్ట్‌గ్రెస్‌లో వాల్.

చరిత్ర

తొలినాళ్లలో సమకాలీకరణ అంటే రాత్రిపూట టేపు. పగటి లావాదేవీలను మాగ్నెటిక్ టేపు మీదికి ఎక్కించి మరో కంప్యూటర్‌కు తీసుకెళ్లి అక్కడ ఎక్కించేవారు. 1970లో ఐబీఎం పరిశోధకుడు ఎడ్గర్ కాడ్ రిలేషనల్ నమూనాను ప్రకటించాక డేటాను పట్టికలు, వరుసలుగా చూసే పద్ధతి స్థిరపడింది. దాంతో ఒక వ్యవస్థలోని వరుసను మరో వ్యవస్థలోని వరుసతో పోల్చడానికి ఒక ఉమ్మడి భాష దొరికింది.

1978లో రెండు ముఖ్యమైన రచనలు వచ్చాయి. దూరదూరంగా ఉన్న కంప్యూటర్ల గడియారాలను నమ్మకుండానే సంఘటనల ముందువెనకలను నిర్ణయించవచ్చని లెస్లీ లాంపోర్ట్ చూపాడు. పలు డేటాబేస్‌లలో ఒక లావాదేవీ జరిగితే అన్నిటా జరిగేలా, లేకుంటే ఎక్కడా జరగకుండా చూసే ‘రెండు దశల కమిట్’ను జిమ్ గ్రే వివరించాడు. ఇందులో సమన్వయకర్త మొదట అందరినీ ‘సిద్ధమేనా’ అని అడుగుతాడు. అందరూ సరేనన్నాకే ‘ఖాయం చేయండి’ అంటాడు. మధ్యలో సమన్వయకర్తే కూలిపోతే, సరేనన్నవాళ్లు తాళాలు పట్టుకుని ఎదురుచూస్తూ ఉండిపోవాలి. ఈ లోపం వల్లే విభాగాల మధ్య, సంస్థల మధ్య దీని వాడకం తగ్గింది.

మార్పులు పుకారులా ఒకరి నుంచి ఒకరికి పాకే పద్ధతులను జిరాక్స్ పరిశోధన కేంద్రానికి చెందిన అలన్ డెమర్స్ బృందం 1987లో ప్రతిపాదించింది. 1996లో జిమ్ గ్రే, అతని సహరచయితలు ఒక హెచ్చరిక చేశారు: ఎక్కడి నుంచైనా మార్పు చేయవచ్చునని అనుమతించి అన్ని ప్రతులనూ ఒకేసారి సవరించబోతే, కేంద్రాలూ వాటి లావాదేవీలూ పదింతలైనప్పుడు ప్రతిష్టంభనలు వెయ్యింతలవుతాయి. చిన్న ప్రయోగంలో చక్కగా నడిచిన సింక్ అసలు భారం పడగానే ఎందుకు కూలుతుందో ఈ లెక్క చెబుతుంది.

2000లో ఎరిక్ బ్రూవర్ చెప్పిన ‘క్యాప్’ ఊహను 2002లో సెత్ గిల్బర్ట్, నాన్సీ లించ్ నిరూపించారు. కేంద్రాల మధ్య నెట్‌వర్క్ తెగినప్పుడు పూర్తి పొందికనో, పూర్తి లభ్యతనో ఏదో ఒకటి వదులుకోక తప్పదన్నది దాని సారం. అమెజాన్ సంస్థ 2007లో ప్రకటించిన ‘డైనమో’ డేటా నిల్వ వ్యవస్థ లభ్యత వైపు మొగ్గింది. గూగుల్ 2012లో వివరించిన ‘స్పానర్’ డేటాబేస్ పొందిక వైపు మొగ్గి, అందుకోసం డేటా కేంద్రాల్లో అణు గడియారాలను, జీపీఎస్ గ్రాహకాలను పెట్టింది. లింక్డ్‌ఇన్‌లో పుట్టి 2011లో ఓపెన్ సోర్స్‌గా విడుదలైన కాఫ్కా, మార్పుల చిట్టాను సంస్థ మొత్తానికీ ఉమ్మడి ప్రవాహంగా మార్చింది.

ప్రతి లేకుండా పొందిక: రైల్వే రిజర్వేషన్

సమకాలీకరణ సమస్యకు అన్నిటికన్నా చవకైన పరిష్కారం అసలు రెండో ప్రతినే ఉంచకపోవడం. భారత రైల్వే రిజర్వేషన్ వ్యవస్థ ఇందుకు మంచి ఉదాహరణ. కంప్యూటర్ రిజర్వేషన్ 1980ల మధ్యలో ఢిల్లీలో మొదలై ముంబై, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాద్ కేంద్రాలకు విస్తరించింది. మొదట్లో ఏ కేంద్రానికి ఆ కేంద్రమే వేరుగా ఉండేది. రైల్వే సమాచార వ్యవస్థల కేంద్రమైన ‘క్రిస్’ వీటిని కలపడానికి ‘కాన్సర్ట్’ అనే సాఫ్ట్‌వేర్ తయారుచేసింది. అది మొదట నడిచింది 1994లో సికింద్రాబాద్‌లో. 1999లో అయిదు కేంద్రాలూ ఒకే వలలోకి వచ్చాయి.

ఇందులో అన్ని రైళ్ల బెర్తులనూ అన్ని కేంద్రాల్లో ప్రతులుగా పెట్టలేదు. ఒక్కో రైలు లెక్క ఒక్కో కేంద్రం అధీనంలో ఉంటుంది. చెన్నై కేంద్రం చూసే రైలుకు సికింద్రాబాద్ కౌంటర్‌లో టికెట్ అడిగితే, ఆ అభ్యర్థన చెన్నైకి వెళ్లి బెర్తు నంబరుతో తిరిగి వస్తుంది. ఒక బెర్తును రెండు ఊళ్లలో ఇద్దరికి అమ్మే ప్రమాదం దీంతో మూలంలోనే పోయింది. బదులుగా చెల్లించేది ఒకటే: ఆ కేంద్రంతో సంబంధం తెగితే దాని రైళ్లకు ఆ సమయంలో టికెట్లు ఉండవు.

రకాలు

దిశను బట్టి చూస్తే ఏకముఖం, ద్విముఖం, బహుముఖం. ఏకముఖంలో ఒకటి మూలం, మిగిలినవి చదవడానికి మాత్రమే. ద్విముఖ, బహుముఖ పద్ధతుల్లో ఎక్కడైనా మార్పు చేయవచ్చు కాబట్టి ఘర్షణలు తప్పవు (చూ. ఘర్షణలు).

కాలాన్ని బట్టి చూస్తే తక్షణ, వాయిదా, విడతల పద్ధతులు. తక్షణ పద్ధతిలో రెండో చోట కూడా రాశాకే లావాదేవీ పూర్తయినట్టు. వాయిదా పద్ధతిలో మూలం తన పని ముగించుకుంటుంది, ప్రతి కొంత వెనకగా అనుసరిస్తుంది. విడతల పద్ధతిలో గంటకో రాత్రికో ఒక మూట వెళ్తుంది. నెలవారీ నివేదికల డేటాబేస్‌కు రాత్రి మూట సరిపోతుంది. దానికీ సెకన్ల సింక్ కావాలని పట్టుబట్టడం దుబారా.

మార్పుల గుర్తింపు

ఖర్చు ఎక్కువగా తేలేది ఇక్కడే. ఉదాహరణకు కోటి ఖాతాలున్న పట్టిక, ఒక్కో వరుస 500 బైట్లు అనుకుంటే మొత్తం 5 జీబీ. సెకనుకు 100 మెగాబిట్ల లైను మీద పూర్తిగా పంపితే కనీసం 400 సెకన్లు పడుతుంది. రోజులో మారినవి 2 శాతమే అయితే, అంటే 2 లక్షల వరుసలైతే, పంపవలసింది 100 ఎంబీ మాత్రమే, 8 సెకన్ల పని. మారినవేవో ఎలా తెలుస్తుందన్నదే చిక్కు.

తేలికైన మార్గం ప్రతి వరుసలో ‘చివరగా మారిన సమయం’ ఉంచి, గత విడత తర్వాత మారినవాటిని ఏరుకోవడం. ఎక్కువ సంస్థలు ఇక్కడే మొదలుపెడతాయి. ఇందులో కంటికి కనిపించని రెండు గుంటలున్నాయి. మొదటిది చెరిపివేత: చెరిగిపోయిన వరుసలో సమయమూ పోతుంది, కాబట్టి గమ్యంలో ఆ వరుస అలాగే మిగిలిపోతుంది. అందుకే వరుసను నిజంగా తీసేయకుండా ‘చెరిగింది’ అన్న గుర్తు పెట్టడం ఆనవాయితీ. రెండోది మరింత లోతైనది. ఒక లావాదేవీ 10 గంటల 0 సెకన్లకు మొదలై వరుస మీద అదే సమయం వేసింది, కానీ కమిట్ అయింది 7వ సెకనులో. ఈలోగా 5వ సెకనులో సింక్ విడత నడిచింది. కమిట్ కాని వరుస దానికి కనపడదు. ‘5వ సెకను దాకా తీసుకున్నాను’ అని రాసుకుని వెళ్లిపోయింది. తర్వాతి విడత 5వ సెకను నుంచి మొదలవుతుంది. 0 సెకను ముద్ర ఉన్న ఆ వరుసను ఇక ఏ విడతా తీసుకోదు. తప్పు సందేశం రాదు, ఏదీ ఆగదు, లెక్క మాత్రం తప్పుతుంది. ప్రతి విడతనూ కొన్ని నిమిషాలు వెనక్కి జరిపి మొదలుపెట్టడం దీనికి వాడుకలో ఉన్న విరుగుడు. దాన్ని మించి సాగిన లావాదేవీ మళ్లీ జారిపోతుంది.

రెండో మార్గం ట్రిగ్గర్. వరుస మారినప్పుడల్లా డేటాబేసే వేరే పట్టికలో గుర్తు రాస్తుంది. ఏదీ జారిపోదు, కానీ ప్రతి మార్పుకూ రెండు రాతలు పడటం వల్ల మూలం నెమ్మదిస్తుంది.

మూడోది చిట్టాను చదవడం, అంటే లాగ్ ఆధారిత గుర్తింపు. కమిట్ అయిన క్రమంలోనే మార్పులు వస్తాయి, చెరిపివేతలూ వస్తాయి, మూలం మీద భారం స్వల్పం. ఒరాకిల్ సంస్థ 2009లో కొన్న గోల్డెన్‌గేట్, ఓపెన్ సోర్స్‌లోని డెబీజియం ఈ కోవలోవి. పోస్ట్‌గ్రెస్‌లో లాజికల్ రెప్లికేషన్ 2017 నాటి 10వ వెర్షన్ నుంచి అంతర్భాగం. దీనికీ ఒక మెలకువ కావాలి: చదివేవాడు ఆగిపోతే, పోస్ట్‌గ్రెస్ వంటి మూలం చదవని చిట్టాను పారేయకుండా దాచి ఉంచుతుంది. ఎవరూ గమనించకపోతే డిస్కు నిండి మూలమే నిలిచిపోతుంది. అందుకే ప్రతి ఎంత వెనకబడిందో నిత్యం కొలవాలి. అంత భారం మోయగల బృందం ఉన్నచోట ఈ మూడింటిలో చిట్టా పద్ధతే మేలు.

చేరవేత

అప్లికేషనే రెండు డేటాబేస్‌లలోనూ వరుసగా రాయడం సూటిగా కనిపించే పద్ధతి, కానీ నమ్మదగింది కాదు. మొదటి రాతకూ రెండో రాతకూ మధ్య సర్వర్ కూలితే రెండూ విడిపోతాయి. దీనికి బదులు, పంపవలసిన కబురును కూడా మొదటి డేటాబేస్‌లోనే, అదే లావాదేవీలో ‘అవుట్‌బాక్స్’ అనే పట్టికలో రాస్తారు. దాన్ని వేరే ప్రోగ్రాం తీసుకెళ్లి అందజేస్తుంది. అందిందో లేదో తెలియకపోతే మళ్లీ పంపుతుంది. కాబట్టి ఒకే కబురు రెండుసార్లు వచ్చినా ఫలితం మారకుండా గమ్యం తయారై ఉండాలి. ‘500 కలుపు’ అని మాత్రమే రాసి ఉన్న కబురు రెండుసార్లు అందితే వెయ్యి కలుస్తుంది. ‘ఫలానా నంబరు లావాదేవీ, 500 కలుపు’ అని ఉంటే రెండోదాన్ని గుర్తించి వదిలేయవచ్చు.

వేగం కోసం కబుర్లను గుంపుగా పంపుతారు, కుదించి పంపుతారు, సమాంతరంగా అమలు చేస్తారు. సమాంతరంగా చేసినా ఒక ఖాతాకు సంబంధించినవన్నీ ఒకే వరుసలో నడవాలి. జమకు ముందే ఖర్చు చేరితే లేని లోటు కనిపిస్తుంది.

దూరం, ఆలస్యం

తక్షణ పద్ధతికి హద్దు గీసేది కాంతి వేగం. ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. హైదరాబాద్, ముంబై మధ్య కేబుల్ 700 కిలోమీటర్లనుకుంటే వెళ్లిరావడానికే 7 మిల్లీసెకన్లు. ఒకే వరుసను ఒకదాని తర్వాత ఒకటిగా సవరించే లావాదేవీలు సెకనుకు సుమారు 140 మించవు. ఎంత ఖరీదైన సర్వర్ కొన్నా ఈ అంకె పెరగదు. ఆ కారణంగా పెద్ద సంస్థలు ఒక ప్రతిని దగ్గరలో ఉంచి తక్షణంగా, మరోదాన్ని భూకంపం, వరద ఒకేసారి తాకని దూరంలో ఉంచి వాయిదా పద్ధతిలో నడుపుతాయి. ప్రమాదంలో ఎంతసేపటి డేటా పోయినా భరించగలమన్నది ఆర్‌పీఓ, ఎంతసేపట్లో తిరిగి లేవాలన్నది ఆర్‌టీఓ.

ఘర్షణలు

ఒకే సరుకు ఉమ్మడి నిలువ రెండు గిడ్డంగుల డేటాబేస్‌లలోనూ 10 అని ఉంది. సంబంధం తెగి ఉన్న సమయంలో ఒకరు 1 అమ్మి 9 అని, మరొకరు 2 అమ్మి 8 అని రాశారు. ‘చివరగా రాసినదే చెల్లుతుంది’ అన్న నియమంతో కలిపితే 9 గానీ 8 గానీ మిగులుతుంది. అసలు నిలువ 7. ఈ నియమం చిరునామాలకు పనికొస్తుంది, లెక్కలకు పనికిరాదు. నిలువను కాక ‘1 తగ్గింది’, ‘2 తగ్గాయి’ అన్న చర్యలను పంపుకుంటే ఏ క్రమంలో కలిపినా 7 వస్తుంది. ఎలా కలిపినా ఒకే ఫలితమిచ్చే ఇలాంటి డేటా రూపాలకు 2011లో మార్క్ షపీరో, అతని సహరచయితలు ‘సీఆర్‌డీటీ’ అని పేరుపెట్టి సిద్ధాంతం కట్టారు. డైనమో మీద నడిచిన అమెజాన్ షాపింగ్ బుట్టలో వేసిన వస్తువు ఎన్నడూ పోయేది కాదు, తీసేసిన వస్తువు మాత్రం అప్పుడప్పుడు తిరిగి ప్రత్యక్షమయ్యేది. ఆ సంస్థ తెలిసి ఎంచుకున్న రాజీ ఇది.

తెలుగు పాఠ్యం

తెలుగులో నమోదైన పేర్లు, ఊర్లు ఉన్న డేటాబేస్‌లకు ప్రత్యేకమైన చిక్కులున్నాయి. యూనికోడ్‌లో ఐత్వాన్ని ఒకే సంకేతంగానూ రాయవచ్చు, ఎత్వం కింద ఐత్వపు గుర్తు చేర్చి రెండు సంకేతాలుగానూ రాయవచ్చు. తెర మీద రెండూ ఒకటే. యూటీఎఫ్-8లో తెలుగు సంకేతం ఒక్కోటి 3 బైట్లు. ‘హైదరాబాద్’ మొదటి పద్ధతిలో 9 సంకేతాలు, 27 బైట్లు. రెండో పద్ధతిలో 10 సంకేతాలు, 30 బైట్లు. సరిపోల్చే ప్రోగ్రాంకు ఇవి రెండు వేరు వేరు ఊళ్లు. గడి పొడవును అక్షరాల్లో కాక బైట్లలో 30 అని పెడితే, 13 సంకేతాలతో 39 బైట్లయ్యే ‘సికింద్రాబాద్’ అందులో పట్టదు. రెండు వైపులా పాఠ్యాన్ని ఒకే రూపానికి తెచ్చాకే పోల్చడం, పొడవును అక్షరాల్లో నిర్ణయించడం తప్పనిసరి.

పేర్ల సంగతి మరింత కష్టం. ఇంటిపేరు ఒక డేటాబేస్‌లో ముందు, మరోదాంట్లో వెనక, ఇంకోచోట ఒక్క పొడి అక్షరంగా ఉంటుంది. ఇంగ్లిష్ అక్షరాల్లో ‘లక్ష్మి’ని ఎన్ని తీర్లుగా రాస్తారో అందరికీ తెలిసిందే. పేరు ఆధారంగా ఇద్దరిని ఒకరని తేల్చడం పొరపాట్లకు తావిస్తుంది. మారని గుర్తింపు సంఖ్య ఒకటి ఉండాలి.

సరిచూత

సింక్ నడుస్తోందనడం వేరు, రెండు చోట్లా లెక్క ఒకటేననడం వేరు. వరుసల సంఖ్య, మొత్తాల కూడిక పోల్చడం మొదటి మెట్టు. కచ్చితత్వానికి 1979లో రాల్ఫ్ మెర్కిల్ రూపొందించిన హాష్ చెట్టు వాడతారు. వరుసలను జంటలు జంటలుగా కుదించుకుంటూ పైన ఒకే అంకెకు తెస్తారు. రెండు చోట్లా ఆ అంకె ఒకటైతే మొత్తం ఒకటే. తేడా ఉంటే ఏ కొమ్మలో ఉందో చూసుకుంటూ దిగుతారు. కోటి వరుసల్లో తేడా ఉన్న ఒక్క వరుస దొరకడానికి సుమారు 24 మెట్లు దిగితే చాలు. పోల్చేటప్పుడు రెండు వైపులా చిట్టాలో ఒకే స్థానం దగ్గర ఉండాలి. లేకుంటే ఇంకా దారిలో ఉన్న మార్పులన్నీ తప్పులుగా కనిపిస్తాయి.

వైఫల్యాలు

2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ సంస్థలో ప్రతి వెనకబడి రెప్లికేషన్ ఆగింది. దాన్ని తిరిగి నిలబెట్టే ప్రయత్నంలో ప్రతిలోని డేటా అనుకుని మూలంలోని డేటాను తొలగించారు. రోజువారీ బ్యాకప్‌లు పనిచేయడం లేదని అప్పుడే బయటపడింది. సుమారు 6 గంటల డేటా పోయింది. మరుసటి ఏడాది అక్టోబరు 21న గిట్‌హబ్‌లో అమెరికా తూర్పు తీరపు కేంద్రానికి సంబంధం 43 సెకన్లు తెగింది. యంత్రాంగం దానంతటదే పశ్చిమ తీరాన్ని మూలంగా ప్రకటించింది. తూర్పున రాసి పశ్చిమానికి చేరని మార్పులు కొన్ని, పశ్చిమాన కొత్తగా పడినవి కొన్ని. రెండూ వేర్వేరు చరిత్రలయ్యాయి. సేవలు పూర్తిగా కుదుటపడటానికి 24 గంటల 11 నిమిషాలు పట్టింది. ఆ ఆలస్యానికి కారణం, వేగంకంటే వాడుకరుల డేటాను కాపాడటం ముఖ్యమని సంస్థ నిర్ణయించుకోవడం. అది సరైన నిర్ణయం.

ప్రాముఖ్యం

స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ 2017 ఏప్రిల్ 1న స్టేట్ బ్యాంక్‌లో, ఆంధ్రా బ్యాంక్ 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంక్‌లో విలీనమయ్యాయి. చట్టప్రకారం విలీనం ఒక్క రోజులో జరుగుతుంది, డేటాబేస్‌లు కలవడానికి అంతకంటే ఎంతో ఎక్కువ కాలం పడుతుంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సవరణ, తొలగింపు హక్కులు ఇచ్చింది. ఒక డేటాబేస్‌లో చెరిపి నాలుగింటిలో వదిలేస్తే ఆ హక్కు నెరవేరినట్టు కాదు.

పొందిక తప్పినప్పుడు నష్టం ఎవరు భరించాలన్న విషయాన్ని రిజర్వ్ బ్యాంక్ 2019 సెప్టెంబరు 20 నాటి ఉత్తర్వులో తేల్చింది. ఏటీఎంలో నగదు రాకుండా ఖాతాలో మాత్రం డబ్బు తగ్గితే, లావాదేవీ జరిగిన రోజు కాక 5 రోజుల్లోగా బ్యాంకు దాన్ని తిరిగి జమ చేయాలి. యూపీఐలో పంపిన డబ్బు అవతలి ఖాతాకు చేరకపోతే గడువు ఒక్క రోజే. గడువు దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారాన్ని, ఖాతాదారు ఫిర్యాదు చేసేదాకా ఆగకుండా, బ్యాంకే అతని ఖాతాలో వేయాలి.